కడగని పాట

నాగరాణిని పోయిన వారం మెట్ల మీద వదిలేశాం. జహీరాబాద్ బైపాస్ పక్కన ట్రాక్టర్ విడిభాగాల దుకాణం, దానిపైన నవీన్ రికార్డింగ్ గది. మధ్యాహ్నం రెండున్నర. అరగంట క్రితం నవీన్ ఫోన్ చేసి, "రాణీ, ఆ పాత రికార్డర్ కూడా పట్టుకుని తొందరగా రా" అన్నాడు. ఆమె వీపున గిటార్, భుజాన సంచి తగిలించుకుని వచ్చింది. పదో మెట్టు మీద కాళ్లు ఆగిపోయాయి.

గుమ్మం ముందు తోలు చెప్పులు. మడమల దగ్గర ఎండిన ఎర్రమట్టి. చెన్నబసప్పవి. అల్లం కడిగే షెడ్డు యజమాని. నాగరాణి తమ్ముడు పాండు ఆ షెడ్డులోనే పనిచేశాడు. అల్లం తెల్లగా మెరవాలని నీళ్ల తొట్టిలో ఆసిడ్ కలుపుతున్నారని తెలుసుకుని, ఆ డ్రమ్ముల్ని ఫోన్‌లో వీడియో తీశాడు. వారం తిరక్కుండా హైవే మీద శవమై దొరికాడు. లారీ గుద్దిందన్నారు. ఫోన్ దొరకలేదు. ఇది జరిగి ఆరు నెలలు.

వచ్చే శుక్రవారం నాగరాణి మొదటి ఆల్బమ్ విడుదల. పేరు 'కడగని అల్లం'. అమెరికా పల్లెల్లో గిటార్ పట్టుకుని ఎవరి కష్టం వాళ్లే రాసుకుని పాడుకుంటారట, ఆ పాటలు నవీన్ ఆమెకు వినిపించాడు. మన పాటలు కూడా అలాగే రికార్డు చేద్దాం అన్నాడు. నిన్ననే ఆమె ఫోన్‌లో వీడియో పెట్టి అందరికీ చెప్పింది, ఆల్బమ్‌తో పాటు ఏమీ కోయని అసలు రికార్డింగులు కూడా పెడతానని.

నిన్న చెప్పింది. ఈరోజు ఈ చెప్పులు.

వెనక్కి పోవచ్చు. కానీ లోపల నవీన్ ఉన్నాడు. ఏ స్థితిలో ఉన్నాడో. నాగరాణి సంచిలోంచి రికార్డర్ తీసింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. చేతిరుమాలులో చుట్టి, గిటార్ తీగల్ని పక్కకు నెట్టి, గుండ్రటి రంధ్రంలోంచి లోపలికి జారవిడిచింది. గిటార్ ఊపి చూసింది. చప్పుడు లేదు.

తలుపు తోసింది.

చెన్నబసప్ప ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని వేలితో తాళం వేస్తున్నాడు. నవీన్ గోడకు ఆనుకుని నేల మీద ఉన్నాడు. పెదవి చిట్లింది. నాగరాణి వెనక తలుపు మూసుకుంది. మూసినవాడు నాగరాజ్, షెడ్డులో లోడ్లు చూసుకునే మనిషి. చేతిలో జాకీ రాడ్డు.

"ఏడో పాట మంచిగుంది బిడ్డా." చెన్నబసప్ప హెడ్‌ఫోన్లు తీశాడు. "మా షెడ్డుల పాడిందే గదా?"

"మీ షెడ్డులనే. జాగ మీరే ఇచ్చిన్రు సేట్."

"ఇచ్చిన. పాటనే గదా, ఏమైతదిలే అనుకున్న. రికార్డర్ తియ్యి."

"ఇంట్ల ఉంది."

"తెచ్చావు కదా రాణీ..." నవీన్ గబుక్కున అని ఆగిపోయాడు.

దెబ్బలు తిన్న మనిషి, భయపడ్డాడనుకుంది నాగరాణి. నాగరాజ్ ఆమె సంచి బోర్లించాడు. నీళ్ల సీసా, పాటల నోటుబుక్కు, జొన్నరొట్టె డబ్బా. డబ్బా మూత కూడా తీసి చూశాడు.

"లేదు సేట్. రొట్టె, మిరపకాయ తొక్కు ఉన్నయ్."

"నువ్వు రొట్టె కోసం వచ్చినవా రా? అవుతల పెట్టు."

"దాంట్ల పాటలే ఉన్నయ్ సేట్," అంది నాగరాణి. "మీకెందుకు?"

"పాటలే అయితే నీకెందుకు గంత పట్టుదల? ఇచ్చి పో."

"నా తమ్ముడి నవ్వుంది అందుల."

నిజమే. ఆ రోజు షెడ్డులో మైకు పరీక్ష చేస్తుంటే పాండు వచ్చి ఏదో జోక్ వేసి నవ్వాడు. ఆ రాత్రే కబురొచ్చింది. మర్నాడు నాగరాణి నవీన్ చేతిలోంచి రికార్డర్ తీసుకుని, పాండు బట్టలతో పాటు పెట్టెలో పెట్టేసింది. అప్పటినుంచి ఒక్కసారి కూడా వినలేదు. వినే ధైర్యం లేదు. పాట కాపీ నవీన్ ముందే తీసుకున్నాడు కాబట్టి పని ఆగలేదు. ఆల్బమ్‌లో విన్నది అతను సిద్ధం చేసినదే.

కానీ ఇప్పుడు చెన్నబసప్ప కళ్లు చూస్తుంటే ఆమెకు ఒకటి తెలిసిపోయింది. ఒక నవ్వు కోసం ఈ మనిషి రాడ్డు వెంటబెట్టుకుని రాడు. అందులో పాండు చావు ఉంది.

"ఇయ్య," అంది.

చెన్నబసప్పకు కోపం రాలేదు. తల ఊపాడు. "ఆయ్తు, మంచిది. నాగరాజ్, గిటార్ వాయించేటోళ్లు తీగలు ఏ చేత్తోని ఒత్తుతరు?"

"నాకేమెరుక సేట్? నాకు డప్పే సక్కగ రాదు."

"నవీన్‌ను అడుగు. ఆయన చదువుకున్నోడు."

కింద హైవే మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఏ చెయ్యి నవీన్?"

"వద్దు సార్."

"ఏ చెయ్యి?"

"ఎడమ." గోడకు చెప్పినట్టు చెప్పాడు.

నాగరాజ్ ఆమె ఎడమ మణికట్టు పట్టి గుమ్మం దగ్గరికి ఈడ్చాడు. తలుపు తెరిచి, చూపుడువేలిని బందుల సందులో పెట్టాడు. మోకాలితో తలుపును తోశాడు. ఎండిన కందికట్టె విరిగిన చప్పుడు. నొప్పి ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. వచ్చాక ఆమె కాళ్ల కింద నేల లేదు. అరిచింది. గోడల నిండా అతికించిన గోనెసంచులు, గుడ్ల అట్టలు ఆ అరుపును మింగేశాయి. బయటి శబ్దం లోపలికి, లోపలి శబ్దం బయటికి పోకూడదని ఆమే నవీన్‌తో కలిసి నెల రోజులు అతికించింది.

"రికార్డర్?"

"పెట్టెల... తాళం ఏసి ఉంది..."

"ఇంకో వేలు."

రెండోసారి ఆమె అరవలేదు. పెదవి కొరికింది. నెత్తురు ఉప్పగా తగిలింది. మూడో వేలి కోసం నాగరాజ్ వంగినప్పుడు చెప్పుకాలితో అతని మోకాలిచిప్ప మీద తన్నింది. వాడు కూలబడ్డాడు. బూతు తిడుతూ లేచి, ఆమె వీపునున్న గిటార్‌ను లాగేసి, దాని మెడ పట్టుకుని గాల్లోకి ఎత్తాడు.

అది ఆమె తండ్రి పీటర్ గిటార్. రాయికోడ్ చర్చిలో ముప్పై ఏళ్లు వాయించినది.

నాగరాణి తల వంచింది. దెబ్బ ఆమెకు తగల్లేదు. బల్ల అంచుకు తగిలింది. పెళ్లుమని గిటార్ పొట్ట రెండుగా చీలింది. తీగలు తెగి వేలాడాయి. ఆ చీలికలోంచి తెల్లటి చేతిరుమాలు మూట ఒకటి జారి, దొర్లుకుంటూ వెళ్లి నవీన్ పాదాల దగ్గర ఆగింది.

అంతసేపూ కదలని నవీన్ కదిలాడు. ఎంత వేగంగా కదిలాడంటే, నొప్పితో కళ్లు బైర్లు కమ్మిన నాగరాణికి కూడా అది కనిపించింది. మూట విప్పాడు. రికార్డర్‌ను నేల మీద పెట్టి తొక్కడానికి కాలు ఎత్తాడు.

"ఆగు," అన్నాడు చెన్నబసప్ప.

"ఇదే సార్. పగలగొట్టేస్తే అయిపోతుంది."

"నా గొంతు ఉన్నదంటివి. ఆరు నెలల సంది గదే జెప్పి నన్ను నిద్ర పోనియ్యలే. ఉన్నదో లేదో నేను వినాలె."

ఉన్నదంటివి. నాగరాణి ఆ మాటను విన్నది. మళ్లీ మనసులో అనుకున్నది. అన్నది ఎవరు? ఎవరితో?

"ఇప్పుడెందుకు సార్..."

"పెట్టు."

నవీన్ బల్ల దగ్గరికి వెళ్లాడు. రికార్డర్‌కు తీగ తగిలించాడు. రెండు పెద్ద స్పీకర్లు గుర్రుమన్నాయి. గుమ్మం తలుపు జానెడు తెరిచే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

మొదట పాండు. "అక్కా, కోడి గూడ పాడుతున్నది. దానికి గూడ పేరు ఎయ్యాలె. లేకుంటే కేసు పెడ్తది." పకపకా నవ్వు.

తర్వాత నాగరాణి గొంతు, వెనక అల్లం కడిగే ఆడవాళ్ల గొంతులు.

*మన్ను అంటిన అల్లం నేను, కడగకు సేటూ కడగకు*
*తెల్లగైతే కొంటరు గని, ఘాటు పోతది కడగకు*

కోడి. నీళ్ల మోటారు. ముసలమ్మ దగ్గు. ఇవన్నీ ఆల్బమ్‌లోనూ ఉన్నాయి. నవీన్ పట్టుదల అదే. దగ్గు తీసేద్దామంటే ఒప్పుకోలేదు. ఏదీ కోయకూడదు రాణీ, కోస్తే అబద్ధం అవుతుంది అన్నాడు. ఆమె గొంతు దూరం నుంచి, గాలితో కలిసి వినిపించాలని ఈ రికార్డర్‌ను షెడ్డు వెనక స్తంభానికి తన చేత్తోనే కట్టాడు. కట్టి మరిచిపోయాడు.

రెండో చరణం మధ్యలో ట్రాక్టర్ స్టార్ట్ అయింది.

ఆల్బమ్‌లో ట్రాక్టర్ లేదు.

పాత ఇంజిన్. మూడు దెబ్బలు కొట్టి ఒకటి తప్పుతోంది. టక్ టక్ టక్, ఆగి, టక్ టక్ టక్. గేరు పడిన కీచు. శబ్దం దగ్గరైంది. "అన్నా, ఎనక నేనున్న! అన్నా, ఆపూ..." ఆ తర్వాత మెత్తటి, బరువైన చప్పుడు. ఇంజిన్ ఆగింది. షెడ్డు లోపల మోటారు హోరులో ఆడవాళ్ల పాట సాగుతూనే ఉంది. అందులో అందరికన్నా గట్టిగా నాగరాణి గొంతు. తమ్ముడికి పది గజాల దూరంలో ఆమె పాడుతూ ఉంది.

స్తంభం పక్కనే మూలుగు. "అన్నా... కాలు... దవాఖానకు తీస్కపో అన్నా..."

ఎవరో ఏడుస్తున్నారు. మాట లేదు, ఏడుపే.

అప్పుడు చెన్నబసప్ప గొంతు, స్పష్టంగా. "దవాఖానకు పోతే పోలీసులొస్తరు. పోలీసులొస్తే డ్రమ్ములు జూస్తరు. వీని ఫోన్ తియ్యి ముందు. ట్రాలీల ఎయ్యి. చీకటి పడ్డంక రోడ్డు మీద పండబెడదాం, మిగిలింది లారీలు చూస్కుంటయ్."

"అక్కను... అక్కను పిలువున్రి..."

తర్వాత గుడ్డ నోట్లో కుక్కిన శబ్దం. తర్వాత ట్రాక్టర్. టక్ టక్ టక్, ఆగి, టక్ టక్ టక్. దూరమైంది. పాట అయిపోయింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. "మస్తు పాడినవ్ పోరీ!" ఎవరో అన్నారు.

రికార్డింగ్ ఆగింది.

నాగరాణి నేల మీద కూర్చుని ఉంది. వేళ్ల నొప్పి ఎక్కడికో పోయింది. "అప్పటికి బతికే ఉన్నడు," అంది. "నన్ను పిలిచిండు."

నవీన్ వైపు తిరిగింది.

"నవీన్, ముసలమ్మ దగ్గు ఉంచినవ్. కోడిని ఉంచినవ్. నా తమ్ముణ్ణి కోసినవ్."

"నీకోసమే రాణీ. నువ్వు వింటే తట్టుకోలేవని. ఈయన నన్ను చంపేస్తానన్నాడు. నేను చేసిన తప్పల్లా దాచడమే. ఒట్టు."

"బండి ఎవడు నడిపిండు?"

"వీళ్ల డ్రైవర్. ఎవడో బీదర్ వాడు. నేను చూడలేదు."

చెన్నబసప్ప కుర్చీలో వెనక్కి వాలి చిన్నగా నవ్వాడు. "మా షెడ్డుకు డ్రైవర్ ఎప్పుడొచ్చె నవీన్?" అన్నాడు. "సరే, ఉన్నడనుకో. ఇగ పగులగొట్టు."

"ఒక్క నిమిషం."

మాట గుమ్మం దగ్గర్నించి వచ్చింది. ట్రాక్టర్ ఫ్యాక్టరీ నీలం చొక్కా, చేతిలో టిఫిన్ క్యారియర్. నవీన్ తండ్రి అప్పారావు. షిఫ్ట్ దిగి మూడింటికల్లా వచ్చి ఆల్బమ్ మొత్తం వింటానని నాగరాణికి నిన్ననే మాటిచ్చాడు. తణుకు పక్క పల్లె నుంచి వచ్చి ఇరవై ఆరేళ్లుగా ఇక్కడి టెస్టింగ్ లైన్‌లో పని చేస్తున్నాడు. పనల్లా ఇంజిన్ల పక్కన నిలబడి చెవి పెట్టడమే. మెషిన్ పాస్ చేసిన ఇంజిన్‌ని కూడా అప్పారావు తల అడ్డంగా ఊపితే వెనక్కి పంపుతారు.

నాగరాణి చేతిని చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"అంకుల్, పొండ్రి! పారిపోండ్రి!"

నాగరాజ్ కుంటుతూ వెళ్లి ఆయన చొక్కా పట్టి లోపలికి లాగాడు. క్యారియర్ పడి సాంబారు నేల మీద పారింది. అప్పారావు పెనుగులాడలేదు. కొడుకునే చూస్తున్నాడు.

"మెట్లెక్కుతూ విన్నానురా. మొత్తం విన్నాను."

"నాన్నా, నువ్వు ఇంటికెళ్లు. నీకు తెలీదు."

"మూడో సిలిండర్లో ఇంజెక్టర్ కారుతోంది. అందుకే ఆ తప్పుడు దెబ్బ. సంక్రాంతి ముందు నేనే మార్చాను దాన్ని. ఒరేయ్, ఆ బండి నేను తుక్కులో కొని నా చేతుల్తో కట్టుకున్న బండిరా. నా చెవికి తెలీదనుకున్నావా?"

"అలాంటి బండ్లు వంద ఉంటాయి."

"ఆ రోజు పాటల సామాను మోయాలని తీసుకెళ్లావు. తాళం ఇంకెవడికీ ఇవ్వవు. మర్నాడు పొద్దున్నే ట్రాలీ కడుగుతున్నావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు ఆ బండి కడగడం నేను చూడలేదు. ఇదేంట్రా కొత్తగా అంటే, అల్లం మట్టి నాన్నా అన్నావు." అప్పారావు తన అరచేతులు చూసుకున్నాడు. "నీళ్లు నేనే పోశాను కదరా."

నవీన్ చూపు దించుకున్నాడు. నాగరాణికి అది చాలు.

నాగరాజ్ చూపు తండ్రీకొడుకుల మీద ఉంది. చెన్నబసప్ప చూపూ అటే. నాగరాణిని ఎవరూ చూడటం లేదు. విరిగిన గిటార్ ఆమె మోకాలి పక్కన పడి ఉంది. పొట్ట లేదు, మెడ మిగిలింది. మెడ చివర తీగలు బిగించే మరకు చుట్టిన లావు తీగ ఒకటి ఇంకా గట్టిగానే ఉంది. ఆమె కుడిచేత్తో దాన్ని అందుకుంది.

లేచింది. కుర్చీ వెనక నుంచి వేసిన తీగ చెన్నబసప్ప తల మీదుగా గొంతుకు పడింది. రెండో కొసను గిటార్ మెడకు రెండు చుట్లు తిప్పి, మెడను కుర్చీ వెనక అడ్డంగా పట్టి, తడిబట్ట పిండినట్టు మెలిపెట్టింది. ఒక్క చేయి చాలింది. తీగ మాంసంలోకి దిగింది. చెన్నబసప్ప కాళ్లు బల్లను తన్నాయి. గొంతు చుట్టూ ఎర్రటి దారంలా నెత్తురు పొడుచుకొచ్చింది.

"నాగరాజ్! ఆయన్ను ఇడువు. రాడ్డు కింద పడెయ్. ఇంకొక్క మెలి తిప్పితే మీ సేట్ తల నీకిస్త, రొట్టె డబ్బల పెట్టుకపో."

నాగరాజ్ తన సేట్ కళ్లను చూశాడు. అవి ఉబ్బి బయటికొస్తున్నాయి. ఆమె మాట విను, విను అన్నట్టు సేట్ చెయ్యి ఊపుతున్నాడు. రాడ్డు నేల మీద పడింది. దొర్లింది.

దాన్ని అందుకున్నది నవీన్.

అదే క్షణంలో అప్పారావు బల్ల మీది రికార్డర్‌ను తీగ లాగేసి చేతిలోకి తీసుకున్నాడు. గుప్పిట మూశాడు.

"నాన్నా, అది నాకివ్వు."

"ఇవ్వను."

"అది బయటికెళ్తే నేను ఉరికంబం ఎక్కుతాను. అర్థమవుతోందా? నీ కొడుకుని."

"వాడు దవాఖానకు తీసుకెళ్లమన్నాడురా. అన్నా అని పిలిచాడు నిన్ను. బండి తిప్పితే పది నిమిషాల్లో ఆసుపత్రి. నువ్వు ఎటు తిప్పావు?"

"నాన్నా, ఇవ్వు!"

"రాణీ," అన్నాడు అప్పారావు, కొడుకు మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు ఆ సేటుని వదలకమ్మా. ఇది నేను చూసుకుంటాను."

ఆయన రికార్డర్ ఉన్న గుప్పిటను బల్ల మీద పెట్టాడు. సరిగ్గా గిటార్ పగిలిన చోట.

"కొట్టు. ముందు నా చెయ్యి విరగాలి. తర్వాతే అది."

నవీన్ ఏడుస్తున్నాడు. రికార్డింగ్‌లో స్తంభం పక్కన వినిపించిన ఏడుపే అది. నాగరాణి గుర్తుపట్టింది.

రాడ్డు అతని తలపైకి లేచింది. అప్పారావు కళ్లు మూసుకున్నాడు. గుప్పిట మాత్రం తెరవలేదు.